దీపాలు పెట్టాక సోడియం క్లోరైడ్

మా అమ్మకు పదో తరగతి సైన్సు చెప్పింది నేనే. చెప్పాను అని గొప్పగా అంటున్నాను గానీ, సగం రోజులు అరిచిందీ నేనే, ఏడ్చిందీ నేనే. అమ్మ మాత్రం చాటలో బియ్యం పోసుకుని, రాళ్లేరుతూ నింపాదిగా వినేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు కోచింగ్ క్లాసులో కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ మేడమ్‌కి ఓపిక ఎక్కువ అని పిల్లలు అనుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. నాలో ఉన్న కోపమంతా అమ్మ దగ్గర ఖర్చయిపోగా మిగిలిందే ఆ ఓపిక.

అప్పుడు నేను పదకొండు సైన్సు చదువుతున్నాను. బొంబాయి కామాటిపురలో వరసగదుల పాత చాల్, కింది అంతస్తులో మాకు ఒకే గది. అంతకుముందు పై అంతస్తులో ఉండేవాళ్లం. అక్కడ గాలి బాగా వచ్చేది, గదుల ముందు గ్యాలరీలో నిలబడితే గల్లీ అంతా కనబడేది. నాయిన బిల్డింగు పనిలో పరంజా మీంచి పడి కాలూ నడుమూ పాడుచేసుకున్నాక మెట్లెక్కలేకపోయాడు, అందుకే కిందికి దిగాం. పడకముందు పనిలో చేయి తిరిగినవాడు. పడ్డాక పక్కనే నాగ్‌పాడాలో బ్యాగుల కార్ఖానాలో కూర్చుని జిప్పులు కుట్టే పనికి కుదిరాడు. చేతికర్ర పట్టుకుని పోయేవాడు, చేతికర్ర పట్టుకుని వచ్చేవాడు.

నాయిన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక ఆయా ఆయన్ని పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి, "కాకా, జేవ్‌లాత్ కా?" అని నవ్వుతూ అన్నం సంగతి అడిగేది. ఏడవడం కూడా చేతగాక మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ అమ్మ ఆమెనే చూసేది. ఇంటికొచ్చాక ఒకనాడు ఉన్నట్టుండి, "నేను గూడ గా పని చేస్త" అంది. నాగ్‌పాడాలో ఒక ధర్మాసుపత్రి వాళ్లు ఆ పని నేర్పి ఉద్యోగంలో పెట్టుకుంటారని విన్నాం. కానీ పది పాసై ఉండాలి. అమ్మ చిన్నప్పుడే బడి మానేసింది.

అలా అమ్మ నైట్ స్కూల్లో చేరింది. పొద్దున నాలుగిళ్లలో వంట, సాయంత్రం బడి. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కించింది, సైన్సు ఒక్కటే మిగిలిపోయింది. ఆసుపత్రిలో పెద్ద నర్సు మంచావిడే, కానీ మాట దాచలేదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఈసారి సర్టిఫికెట్ తెస్తేనే తీసుకోగలం అంది. ఆ ముక్క విన్నరోజే నేను పుస్తకం తీసుకుని అమ్మ ముందు కూర్చున్నాను.

అమ్మకు అన్నిటికంటే భయం పుట్టించిన పాఠం సమ్మేళనాల పేర్లు. నేను సూత్రం చెప్పాను. లోహమూ అలోహమూ కలిస్తే, లోహం పేరు ముందు, ఉన్నదున్నట్టు. అలోహం పేరు వెనక, కొస మార్చుకుని. సోడియం, క్లోరిన్ కలిస్తే సోడియం క్లోరైడ్. మెగ్నీషియం, ఆక్సిజన్ కలిస్తే మెగ్నీషియం ఆక్సైడ్.

చాటలో అమ్మ చెయ్యి ఆగింది. "వెనకొచ్చేదే ఎందుకు మార్చుకోవాలె పేరు? ముందుదానికేం కాదా?"

"రూలమ్మా."

"ఎవలు పెట్టిన్రు?"

"సైంటిస్టులు."

"మగోల్లే అయ్యుంటరు" అంది అమ్మ, మళ్లీ రాళ్లు ఏరుతూ. "మన పక్క రూము మరాఠోల్ల కోడలు సూడు. పెండ్లి పీటల మీదనే కొత్త పేరు పెట్టిన్రు. మొన్న దాని తల్లి ఫోన్ల పాత పేరుతోటి పిలిస్తే పలుకలే. పాపం, క్లోరిన్ గూడ గంతేనా?"

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. సోడియం నీళ్లలో వేస్తే భగ్గున మండే రకమని, క్లోరిన్ పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే విషమని, ఆ రెండూ కలిస్తేనే మనం అన్నంలో వేసుకునే ఉప్పవుతుందని చెప్పాను. అమ్మ నోరు తెరిచింది. "ఓయమ్మా! ఇద్దరు గంత మొండోల్లు, సంసారం మాత్రం ఎంత మంచిగ చేస్తున్రు!"

ఇంకో ఆదివారం మధ్యాహ్నం కాల్షియం దగ్గర లడాయి. ఒక కాల్షియం, రెండు క్లోరిన్లు. అమ్మ, "కాల్షియం డైక్లోరైడ్" అంది. కాదు, కాల్షియం క్లోరైడే అన్నాను. "మరి కార్బన్‌కు రెండు ఆక్సిజన్లుంటే డైఆక్సైడ్ అనిపిస్తివి గద నిన్న?" అని పట్టుకుంది. నేను పుస్తకం నేలకేసి కొట్టాను. కార్బన్, ఆక్సిజన్ రెండూ అలోహాలు, ఒకటీ ఒకటీ కలవచ్చు, ఒకటికి రెండూ కలవచ్చు, అందుకని అక్కడ ఎన్నో చెప్పాలి, కాల్షియం లెక్క మాత్రం ఎప్పుడూ ఒకటే, అందుకని చెప్పక్కర్లేదు అని గొంతు చించుకున్నాను.

అమ్మ చాట పక్కన పెట్టింది. "గంతేనా? మన చాల్‌ల ఏ రూముల ఎందరుంటరో అందరికి ఎరుకనే, ఎవ్వలు అడుగరు. కొత్తగ దిగినోల్లనే ఎంతమందని అడుగుతరు. గిది చెప్పనీకి పుస్తకం ఎందుకే ఇసిరికొడ్తివి?" అంటూ ఆ పుస్తకం తీసి, కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుంది.

ఆ తర్వాత లోహాల పక్కన అమ్మ ఎన్నడూ లెక్క పెట్టలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పాలమూరు వైపు ఆడవాళ్లు దీపాలు పెట్టాక ఉప్పు పేరెత్తరు. అడగరు, ఇవ్వరు, నోటితో అనరు. అంటే లక్ష్మి ఇల్లు వదిలిపోతుందని. చాల్‌లో ఈ కాలం కోడళ్లు ఇవేవీ పట్టించుకోరు. ఫోన్లో నొక్కితే రాత్రి కూడా ఉప్పు ప్యాకెట్ గుమ్మం దగ్గరికొస్తుంది, లక్ష్మి ఏం చేస్తుందో మరి. మా అమ్మ మాత్రం తల తీసేస్తానన్నా అనేది కాదు. పొద్దు గూకితే ఆమెకు అది "డబ్బాలది". రాత్రి అన్నం వడ్డించి నాయిన మొహంలోకి చూస్తూ, "డబ్బాలది సరిపోయిందా?" అని అడిగేది. నాయిన తల వంచుకునే, "సరిపోయింది" అనేవాడు. ఆ మాటలు నాకు పంపులో నీళ్ల చప్పుడంత అలవాటు, ఎప్పుడూ పట్టించుకోలేదు.

సోడియం క్లోరైడ్ నేర్చుకున్న రాత్రి అమ్మ డబ్బా చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది, మొహం వెలిగిపోతూ. "ఇగో, ఇది సోడియం క్లోరైడ్ గద. ఈ పేరైతే దీపాలు పెట్టినంక అనొచ్చునా?"

"నన్నడుగుతావేం? లక్ష్మినడుగు."

"అడిగిన. ఆమెకు ఇంగ్లీషు రాదట."

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో, "సోడియం క్లోరైడ్ జర ఇటియ్యి," "పప్పుల సోడియం క్లోరైడ్ ఏసిన్నా?" అంటూ ఒకటే సంబరం. "మీ అమ్మ డాక్టరయితది" అనేవాడు నాయిన. సోడియం క్లోరైడ్ సరిపోయిందా అంటే మాత్రం ఎప్పటిలాగే, "సరిపోయింది."

నేను గర్వంతో ఉబ్బిపోతున్న రోజుల్లో నైట్ స్కూల్ టీచరమ్మ నన్ను పిలిపించింది. ఇక్కడ అందరూ ఆమెను మరాఠీలో బాయి అంటారు. రాత పరీక్షలో అమ్మకు మార్కులు అంతంతే, నోటి పరీక్ష మార్కులు కలిస్తేనే ఒడ్డెక్కుతుంది. ఆ నోటి పరీక్షకే వారం వారం క్లాసులో తర్ఫీదు ఇస్తున్నారు. "మీ అమ్మ నా ముందు నోరు తెరవడం లేదు" అంది బాయి.

"ఇంట్లో గడగడా చెబుతుంది బాయీ!"

"అన్నిటికంటే తేలికదే మొదట అడుగుతాను, భయం పోవాలని. సోడియం క్లోరైడ్‌ను ఇంట్లో ఏమంటారు? చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఈమె తల దించుకుని కూర్చుంటుంది. దాంతో బెదిరిపోయి తర్వాతవి కూడా చెప్పదు. బయట నుంచి వచ్చే సారు కూడా ముందు అదే అడుగుతాడు, నాకు తెలుసు."

నాకు ఒక్కసారిగా వెలిగింది. నైట్ స్కూల్ మొదలయ్యేదే దీపాలు పెట్టాక. ఇంట్లో నేను చెప్పిన పాఠాలు చాలావరకు ఆదివారం పగటిపూటవి. సైన్సు తప్పిన మొదటిసారి కూడా జరిగింది ఇదేనన్నమాట!

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. మరాఠీలో మీఠ్ అను, హిందీలో నమక్ అను, నీ లక్ష్మికి తెలుగు తప్ప ఏం వచ్చు అన్నాను. "ఇన్నేండ్ల నుంచి బొంబాయిల ఉంటున్నది, మరాఠీ రాకుండ ఉంటదా?" అంది అమ్మ. నాకింకా మండింది. "ఒక్క మాట, అమ్మా! ఒక్క మాట అంటే ఎవరి కొంప మునుగుతుంది?"

అమ్మ నా వైపు చూసింది. "మునిగింది గదనే" అని, బకెట్ తీసుకుని నీళ్లకు బయటికి పోయింది.

నాకేం అర్థం కాలేదు. మూలన కూర్చున్న నాయిన పిలిచాడు. "కూసో బిడ్డా. నీకు ఎరుక లేదు, నువ్వు అప్పుడు చిన్నదానివి."

నాయిన పడ్డరోజు సాయంత్రం ఇంట్లో ఉప్పు నిండుకుందట. కూర పొయ్యి మీద ఉడుకుతోంది, దీపం అప్పుడే పెట్టింది అమ్మ. గ్యాలరీలోకొచ్చి ఎదురుగది వదినెను, "వదినా, చారెడు ఉప్పుంటె ఇయ్యి" అని అడిగింది. ఆమె ఇచ్చింది. గుప్పిట్లో ఉప్పు పట్టుకుని గడప దాటుతుంటే కింద నుంచి నాయినతో పనిచేసేవాళ్లు పరిగెత్తుకొచ్చి కబురు చెప్పారు.

"గప్పటి సంది దీపం పెట్టినంక ఆమె నోట్ల గా మాట రాలే" అన్నాడు నాయిన. "నేను పడ్డది వెలుగుండంగనే. ఆసుపత్రిల ఏసి, ఇంటికి కబురు తెచ్చేటాల్లకు చీకటైంది. ఆమె అడుగకముందే పడ్డ నేను. రెండిటికి ఏం సంబంధం చెప్పు?"

"అమ్మకు చెప్పలేదా?"

"చెప్పకేం. నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవు అంటది." నాయిన తన కాలు వైపు చూసుకున్నాడు. "దాన్ని తిట్టకు బిడ్డా. భయమది. నా మీది భయం."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా ఈమె రోజూ రాత్రి, అన్నం ముందు, ఈ మనిషిని కాపాడుకుంటోందా ఒక్క మాట మింగేసి! బయట పంపు దగ్గర బకెట్ నిండే దాకా నేను అక్కడే కూర్చున్నాను.

తిట్టడం మానేసి ఉపాయం ఆలోచించాను. బాయి దగ్గరికి పోయి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పరీక్షకు అందరినీ సాయంత్రం పెందలాడే రమ్మంటారు కదా, మా అమ్మను మొట్టమొదట పిలిపించండి, వెలుగుండగానే ఆమెది అయిపోవాలి అని. బాయి కారణం విని నవ్వలేదు. "మా అత్తగారూ దీపాలు పెట్టాక ఆ మాట అనరు" అని, వరుసలో అమ్మ పేరు పైకెక్కించింది.

పరీక్షరోజు అమ్మ ఎండ ఉండగానే ఇంట్లోంచి బయల్దేరింది. ఇస్త్రీ చీర, తలనిండా నూనె. నాయిన కార్ఖానా నుంచి ముందే వచ్చేశాడు. ఇద్దరం గడియారం చూస్తూ కూర్చున్నాం. వెలుగు తగ్గుతోంది. బాయి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. సారు రావాల్సిన లోకల్ ట్రైన్ దారిలో నిలిచిపోయిందట, ఇంకా రాలేదు, మీ అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూస్తోంది అంది.

నాయినకు చెప్పాను. ఆయన లేచాడు. చొక్కా తొడుక్కుని, కర్ర అందుకున్నాడు. "పా."

"ఎక్కడికి?"

"బడికి."

"బడి పైన ఉంది నాయినా. మెట్లు."

"పైననే ఉండనీ. పా."

గల్లీలో అప్పటికే దుకాణాల్లో లైట్లు వెలిగాయి. చేతిబండ్లనూ స్కూటర్లనూ తప్పించుకుంటూ నెమ్మదిగా నడిచాం. బడి దగ్గర చెక్కమెట్లు చూసి నేను ఆగిపోయాను. ఆయన పడ్డాక మెట్లెక్కగా నేను చూడలేదు. ఒక చేత్తో మెట్ల కమ్మీ, ఇంకో చేత్తో కర్ర, ముందు మంచికాలు, దాని వెనక రెండోది. నేను వెనకే చేతులు చాచి ఎక్కాను, పడితే పట్టుకుంటానన్నట్టు. ఆ ఒళ్లు నేనేం ఆపగలను! మలుపు దగ్గర ఆగి, చెమట తుడుచుకుని, "పెండ్లి నాడు గూడ ఇంత చెమట పట్టలే" అన్నాడు.

పైన ఉక్కపోతకు క్లాసు తలుపులు తీసి పెట్టారు. సారు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. అమ్మ ఆయన ఎదురుగా స్టూలు మీద, మా వైపు మొహం పెట్టి, ఒళ్లో చేతులు బిగించి ఉంది. పైన ట్యూబులైటు. మేము వరండాలో, గుమ్మానికి కాస్త ఇవతల నిలబడ్డాం. బాయి మమ్మల్ని చూసింది, పొమ్మనలేదు.

సారు మరాఠీలో మెత్తగానే అడిగాడు. సోడియం క్లోరైడ్‌ను మీ ఇంట్లో ఏమంటారు?

అమ్మ తల దించుకుంది. నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. సారు ఇంకోసారి అడిగి, పెన్ను తీసి, ముందున్న కాగితం వైపు వంగాడు.

నాయిన తన కర్రతో గడప మీద చిన్నగా తట్టాడు. అమ్మ తలెత్తింది. గుమ్మంలో, పై అంతస్తులో, నాయిన! ఆమె మొహం తెల్లబోయింది, లేవబోయింది. నాయిన చెయ్యి చూపి ఆపాడు. తర్వాత కర్ర నా చేతికిచ్చాడు. తలుపు చెక్క మీద పెట్టిన చెయ్యి కూడా తీసేశాడు. ఏ ఆసరా లేకుండా రెండు కాళ్ల మీద నిలబడి, అమ్మ వైపు చూస్తూ తల ఊపాడు.

అమ్మ ఆయన కాళ్లను చూసింది, మొహాన్ని చూసింది. కళ్లు ఆయన మీది నుంచి తిప్పకుండానే, "ఉప్పు" అంది. సారు తలెత్తి ఏమిటన్నట్టు చూస్తే, "మీఠ్, సర్" అంది.

నాయిన అలాగే నిలబడి ఉన్నాడు. అమ్మ ఊపిరి తీసుకుంది. సారు వరసగా అడుగుతూ పోయాడు, అమ్మ వరసగా చెబుతూ పోయింది. వక్కాకులో వేసుకునే సున్నం? కాల్షియం హైడ్రాక్సైడ్. తినే సోడా? సోడియం బైకార్బనేట్. ఒక కార్బన్, ఒక ఆక్సిజన్? కార్బన్ మోనాక్సైడ్. ఒక కాల్షియం, రెండు క్లోరిన్లు? అక్కడ అమ్మ కొంచెం నవ్వింది కూడా. "కాల్షియం క్లోరైడ్. రెండని చెప్పేది లేదు సర్, అందరికి ఎరుకనే."

అప్పటికి నాయిన మోకాలు వణకడం మొదలైంది. నేను నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. ఆయన వద్దనలేదు.

అమ్మ పాసైంది. ఇప్పుడు నాగ్‌పాడా ఆసుపత్రిలో నీలం చీర కట్టుకుని, మంచం పట్టినవాళ్లను పక్కకు తిప్పుతూ, "కాకా, జేవ్‌లాత్ కా?" అని అడుగుతుంది. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడల్లా నేను సోడియం క్లోరైడ్‌తోనే మొదలుపెడతాను, ఇంటి పేరేమిటని మాత్రం చివర అడుగుతాను.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఫలితాలు వచ్చిన రోజు కాదు, పరీక్ష అయిన ఆ రాత్రే. మెట్లు దిగి ఇల్లు చేరేసరికి ముగ్గురికీ ఆకలి. అమ్మ దారంతా నాయిన్ని తిడుతూనే వచ్చింది. ఎవలెక్కుమన్నరు, పడితె ఏమయ్యేది, బుద్ధున్నదా అని. వచ్చి గబగబా పప్పు చేసి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ట్యూబులైటు వెలుగుతోంది, దేవుడి దగ్గర దీపం ఉంది. నాయిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అంది అమ్మ.

నాయిన ముద్ద నమలడం ఆపాడు. ఆమె మొహంలోకి చూశాడు. నేను కంచం మీద చెయ్యి అలాగే పెట్టి కూర్చున్నాను.

"తక్కువైంది" అన్నాడు నాయిన. "ఎన్నేండ్ల సందో తక్కువనే ఉన్నది."